ఎడమవైపు మడ్‌గార్డు

దొంగ ఎత్తుకెళ్ళింది ఒక్క మడ్‌గార్డు. అదీ తుప్పు పట్టి, సొట్టపడి, రంగు ఊడిన ఎడమవైపు ముందు మడ్‌గార్డు. అది వేలాడిన గోడకి రెండడుగుల దూరంలో, బల్లమీద, కొత్తగా మెరుగు పెట్టిన రెండు కార్బురేటర్లు ఉన్నాయి. లాన్సెస్టన్‌లో ఏ పాతకార్ల పిచ్చివాడికి చూపించినా కళ్ళకద్దుకుని కొంటాడు. దొంగ వాటిని వేలితో కూడా తాకలేదు.

పాతకార్ల విడిభాగాలు పోవడం ఆ ఏడాది మా జిల్లాలో అది మూడోసారి. అందుకే డిటెక్టివ్‌గా నన్ను పంపారు. లేకపోతే తుప్పు రేకు కోసం ఎవరు వెళ్తారు?

నేను చేరేసరికి ఆగస్టు నెల, మా దక్షిణార్ధగోళంలో చలికాలం, బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటా పది. గ్వెన్ ఫెన్నర్ నన్ను షెడ్డులోకి కాదు, ముందు వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"చేతులు చూడు, మంచుగడ్డల్లా ఉన్నాయి. టీ తాగు బంగారం. దొంగ ఎలాగూ వెళ్ళిపోయాడు, వాడు చల్లారడు. టీ చల్లారుతుంది."

ఆవిడకి అరవైయేడేళ్ళు. ముప్ఫై ఏళ్ళు స్కూల్లో పియానో నేర్పిన చేతులకి ఇప్పుడు గోళ్ళనిండా నల్లటి గ్రీజు. ఒంటిమీద చనిపోయిన భర్త రే తొడుక్కునే పని దుస్తులు, చేతులు మూడు మడతలు మడిచి.

కిటికీ గట్టుమీద ఒక గాజు సీసాలో డాఫ్నీ పూలకొమ్మలు పెట్టుకుంది. చలికాలమంతా ఆ ఒక్క వాసన చాలు, ఇల్లు ఇల్లులా ఉండటానికి. సీసా మీద పాత చీటీ, ఊదారంగు సిరాతో ముత్యాల్లాంటి అక్షరాలు: 'ఆప్రికాట్ జామ్. 23 జనవరి 1988.' నాకు పెళ్ళై ఇరవైరెండు రోజులు. ఈ ఇరవైరెండు రోజులుగా నాకు చెంచాలూ సీసాలూ కూడా ముద్దొస్తున్నాయి. మా వంటింటి కిటికీలో ఇలాంటిదొకటి పెడితే మా ఆయన బెన్ ఏమంటాడో అనుకుంటూ నోట్‌బుక్ తీశాను.

"ఎన్నింటికి బయటికెళ్ళారు?"

"పదీ నలభైకి. సీట్లకి తోలు కుట్టే అతని దగ్గరికి. పన్నెండుంపావుకి వచ్చాను."

"షెడ్డుకి తాళం వేశారా?"

"వేశాను. తాళంచెవి పూలకుండీ కింద పెట్టాను."

"దాన్ని తాళం వేయడం అనరు గ్వెన్."

"మా వీధంతా అంతే. నీ పూలకుండీ కింద లేదా?"

ఉంది. ఆ మాట నోట్‌బుక్‌లోకి ఎక్కించలేదు.

"స్టేషన్‌కి ఎప్పుడు ఫోన్ చేశారు?"

"పన్నెండూ ఇరవైకి. పన్నెండూ ముప్ఫైరెండు కల్లా సార్జంట్ క్లైవ్ ఓగిల్వీ వచ్చేశాడు. పాపం, ఎంత ఆదరాబాదరాగా వచ్చాడో."

స్టేషన్ నుంచి ఆ ఇంటికి పాతిక నిమిషాలు. నేనూ ఆ దారినే వచ్చాను, దారిలో గొర్రెల మంద కూడా లేదు. పన్నెండు నిమిషాలు అని రాసి, కింద గీత గీశాను.

"బుధవారం పొద్దున మీరు ఇంట్లో ఉండరని ఎవరికి తెలుసు?"

ఆవిడ వేళ్ళు మడిచింది. "తోలు కుట్టే అతనికి. లిండ్సే పాస్కోకి. కారు మాకు అమ్మింది లిండ్సేనే కదా, ప్రతి బుధవారం మధ్యాహ్నం వచ్చి నాకు పని నేర్పుతాడు. ఇంకా... క్లైవ్‌కి. సోమవారం ఫోన్‌లో చెప్పాను."

"క్లైవ్‌కి ఎందుకు చెప్పారు?"

ఆవిడ లేచి, బీరువా మీంచి బిస్కెట్ల డబ్బా దించింది. దాన్నిండా కారు కాగితాలు. జనవరిలో ఆ కారు కొన్నప్పుడు, అంటే కారు కాదు, ఒక చట్రమూ పద్నాలుగు పెట్టెల ముక్కలూ, రే అందులో ప్రతి కాగితాన్నీ తేదీల వారీగా సర్దాడట. 1959 నాటి ఎం.జి.ఏ., టాప్ మడిచేసుకునే చిన్న స్పోర్ట్స్ కారు, ఆకుపచ్చది. ఇంటికి తెచ్చిన రోజు అడుగు రేకు కూడా లేని చట్రం మీద వంటింటి కుర్చీ వేసుక్కూర్చుని, నోటితో ఇంజిన్ చప్పుడు చేస్తూ గంటసేపు నడిపాడట.

"అరవైతొమ్మిదేళ్ళ మనిషి. గేర్లు కూడా మార్చాడు నోటితోనే," అని గ్వెన్ నవ్వింది. తర్వాత డబ్బాలో కాగితాల అంచులు సరిచేసింది. రే ఏప్రిల్‌లో కూరగాయల దుకాణంలో వరసలో నిలబడే పడిపోయాడు.

ఆవిడ నా చేతిలో పెట్టిన కాగితం పోలీసు తనిఖీ చీటీ. రెండే రెండు నమోదులు.

'27 నవంబర్ 1987. యజమాని లిండ్సే పాస్కో. కారు విప్పి ముక్కలుగా ఉంది. మార్చి నుంచి రోడ్డెక్కలేదు. కానిస్టేబుల్ సి. ఓగిల్వీ.'

'19 మే 1988. రెండో తనిఖీ. విప్పిన భాగాల సీసాలపై మార్చి 1987 తేదీలున్నాయి. సరిపోయింది.' ఇది రాజధాని హోబర్ట్ నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ సంతకం.

"కారు చరిత్ర రాస్తున్నాను కదా, ఇదేమిటి క్లైవ్, నీ సంతకమే ఉంది అని అడిగాను. చూడ్డానికి ఎప్పుడైనా రా, బుధవారం పొద్దున మాత్రం ఉండను అన్నాను. ఏదైనా పెద్ద గొడవా అమ్మాయ్?"

అది ఏమిటో నాకు చూడగానే తెలిసింది. లోర్నా టీస్‌డేల్, పంతొమ్మిదేళ్ళు. 1987 నవంబర్ 14, శనివారం, మసకచీకటి వేళ. పాలకేంద్రంలో పని ముగించి సైకిలు మీద ఇంటికెళ్తుంటే రోడ్డు ఎడమ అంచున ఏదో కారు గుద్ది, ఆగకుండా పోయింది. ఆ అమ్మాయి బతకలేదు. సైకిలు హ్యాండిల్ మీద ఆకుపచ్చ రంగు పెచ్చు దొరికింది. జిల్లాలో ఉన్న ఆకుపచ్చ కార్లన్నీ తనిఖీ చేశారు. ఏదీ దొరకలేదు.

"ఆ అమ్మాయి వాళ్ళమ్మకి ఇప్పుడు ఎనభైయ్యారేళ్ళు," అన్నాను. "ప్రతి నవంబరులో మా ఆఫీసుకి ఉత్తరం రాస్తుంది. నేను చేరిన మొదటి నవంబరులో నా బల్ల మీదికే వచ్చింది. జైల్లో పెట్టమని అడగడం లేదు, ఎవరో చెప్పండి చాలు అని రాసింది."

గ్వెన్ చీటీ వైపు, తర్వాత షెడ్డు వైపు చూసింది. "శనివారం నేను ఆ మడ్‌గార్డు రంగు గీకాను. కింద సొట్ట, బొటనవేలంత మందాన పుట్టీ. లిండ్సేకి చెప్తే గేటు స్తంభానికి రాసుకుపోయింది, పాత సంగతి అన్నాడు." గోటి కింది గ్రీజు గీక్కుంది. "సొట్ట అన్నాక ఎప్పుడైనా పడొచ్చు కదా?"

"పడొచ్చు."

"ఒకవేళ... నా కారే అయితే? తీసుకెళ్ళిపోతారా?"

"సాక్ష్యం కింద తీసుకోవాలి. కోర్టు తేల్చేదాకా తాళం వేసిన షెడ్డులో ఉంటుంది. ఎన్నేళ్ళో చెప్పలేను."

ఆవిడ నా కప్పు తీసి, ఇంకా సగం టీ ఉన్నదాన్ని, కడిగేసింది.

షెడ్డు శుభ్రంగా ఉంది. మధ్యలో చట్రం మీద కారు సగం తయారై నిలబడింది, కుడి చెక్కిలి ఉండి ఎడమ చెక్కిలి లేని మొహంలా. గోడకి రే రాసిన పనుల జాబితా, మొత్తం యాభైయ్యెనిమిది. ముప్ఫైఒకటి దాకా నీలం సిరా టిక్కులు. ముప్ఫైరెండు నుంచి గ్వెన్ పెట్టిన ఎర్ర సిరా టిక్కులు. చివరి అంశం: 'సముద్రం దాకా, టాప్ దించి.'

లిండ్సే పాస్కో బోర్లించిన పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. అరవయ్యొకటేళ్ళు, సన్నటి మనిషి, కుడి చెంప బూరెలా ఉబ్బింది. తలుపు దగ్గర యూనిఫాంలో సీనియర్ సార్జంట్ ఓగిల్వీ, చేతులు కట్టుకుని. ఈ నెలాఖరుకి రిటైరవుతున్నాడు.

"వచ్చిందండీ కొత్త పెళ్ళికూతురు," అన్నాడు. "హనీమూన్‌కి తీసుకెళ్ళలేదని అలిగి తుప్పు చూడ్డానికొచ్చావా?"

"మీ రిటైర్మెంటు విందు దాకా సెలవు దాచుకున్నాను సార్జంట్." లిండ్సే వైపు తిరిగాను. "మీరు పొద్దున పదకొండింటికి ఎక్కడున్నారు?"

"దంతాల డాక్టరు దగ్గర." మత్తు వదలని పెదవి పక్కకి జారింది. "రెండు పీకాడు. చూపించమంటావా?"

"వద్దు. మడ్‌గార్డు ఎవరు తీసుంటారు?"

"నాకేం తెలుసు?"

"కారు ఎప్పుడు కొన్నారు?"

"ఎనభైయేడు ఫిబ్రవరిలో."

"ఎప్పుడు విప్పారు?"

"మార్చిలో. అక్కడ రాసుంది కదా."

"కొన్న నెలకే? కొత్తగా కారు కొన్న ఇరవైనాలుగేళ్ళ కుర్రాడు, వేసవి ఇంకా పూర్తిగా పోకముందే, నడపకుండా విప్పేశాడా?"

అతను ఉబ్బిన చెంప తడుముకున్నాడు. కొత్త బండి పిచ్చి పట్టిన మగవాడిని ఒకణ్ణి నేనీమధ్యే పెళ్ళి చేసుకున్నాను. కొత్త మోటార్ సైకిలు కొన్న నెల బెన్ రొట్టె కోసం కూడా అదేసుకుని పక్క ఊరు వెళ్ళాడు.

"విప్పినదాన్ని ముప్ఫైయేడేళ్ళు బిగించలేదేం?"

లిండ్సే కళ్ళు కారు మీదికి వెళ్ళాయి. "చేతులు రాలేదు," అన్నాడు. అది పంటి మత్తు మాట్లాడించిన మాట కాదు.

"సీసాల మీద చీటీలు ఎవరు రాశారు?"

"నేనే."

"సీసాలెక్కడివి?"

అతని చూపు తలుపు వైపు వెళ్ళింది. "మా అమ్మవి."

"చాలించు టెస్సా," అన్నాడు ఓగిల్వీ. "మనిషికి నోరు తిరగడం లేదు, కనబడ్డంలా? ఇది పాత ఇనుము ఏరుకునేవాళ్ళ పని. కాగితం రాసెయ్, పోదాం."

"పాత ఇనుము వాళ్ళు ఆ ఇత్తడి రేడియేటర్ వదిలేస్తారా?"

"బరువని వదిలేసుంటారు."

"రేడియేటర్ చంకలో పడుతుంది. మడ్‌గార్డు నా అంత పొడవు. ఇంకోటి చూడండి." గోడకి మడ్‌గార్డు వేలాడదీసిన తీగ చూపించాను. "కత్తిరించలేదు. ముడి విప్పి, చక్కగా చుట్ట చుట్టి, మేకుకి తగిలించి వెళ్ళాడు. చాలా పద్ధతైన దొంగ. ఈ ఇంటిమీద గౌరవం ఉన్నవాడు."

"నలభై ఏళ్ళ నుంచి దొంగల్ని పడుతున్నా. నువ్వు తీగ ముక్క చూపించి పాఠం చెప్తున్నావా?"

"పాఠం కాదు, ప్రశ్న. స్టేషన్ నుంచి ఇక్కడికి పాతిక నిమిషాలు. మీరు పన్నెండులో వచ్చారు."

"దారిలోనే ఉన్నా."

"ఏ దారిలో?"

అతని మెడ ఎర్రబడింది. "నువ్వు పలకమీద దిద్దుతున్నప్పుడు నేను ఈ రోడ్ల మీద శవాలు ఎత్తాను. నన్నడిగేంత దానివయ్యావా?"

"రాసుకుంటున్నాను సార్, అంతే."

గోడ పొడుగునా అలమర. దానిమీద నట్లూ బోల్టులూ నింపిన సీసాలు, అన్నీ ఒకే రకం, పద్ధతిగా. 'తలుపు మడతబందులు, మార్చి 1987.' 'బానెట్ గొళ్ళెం, మార్చి 1987.' నలభైరెండు లెక్కపెట్టాను. నలభైమూడోదానికి దుమ్ములో గుండ్రటి ఖాళీ మాత్రం ఉంది.

ఓగిల్వీ నా భుజం మీంచి చూశాడు. "అదిగో, సీసా కూడా పట్టుకెళ్ళాడు. పద్ధతైన దొంగ, పాపం, బోల్టులతో సహా."

"అది దొంగ కాదు, నేనే," అంది గ్వెన్ తలుపు దగ్గర్నుంచి. "ఎడమ మడ్‌గార్డు బోల్టులు వెనిగర్‌లో నానబెట్టాను. సీసా ఖాళీ అయింది కదాని వేణ్ణీళ్ళలో వేసి కడిగాను. పై చీటీ ఊడితే కింద ఇంకోటుంది. చేతిరాత ఎంత బాగుందో, పారేయబుద్ధి కాలేదు. డాఫ్నీ పెట్టుకున్నాను."

నాకు షెడ్డులోకి డాఫ్నీ వాసన వచ్చినట్టనిపించింది. ఊదారంగు సిరా. 23 జనవరి 1988.

పై చీటీ మార్చి 1987. కింది చీటీ దాని తర్వాత పది నెలలకి రాసింది.

లిండ్సే ముఖంలో ఏ మార్పూ లేదు. ఓగిల్వీ ముఖంలోనూ లేదు. గ్వెన్ ఏం చెప్పిందో ఇద్దరికీ అర్థం కాలేదు. జన్మలో జామ్ సీసా కడిగిన మగవాళ్ళు కారు. ఖాళీ సీసా దొరికితే పైన చీటీ అంటించేసే రకం. కింద ఏముందో చూడాలని తోచదు.

"లిండ్సేని ఇంటికి దింపుతా, మనిషి ఒణుకుతున్నాడు," అన్నాడు ఓగిల్వీ.

"దింపండి," అన్నాను. వాళ్ళిద్దరూ బయటికి నడిచారు. కారు ఎక్కలేదు. గేటు పక్కన నిలబడి, ఒకరి మొహం ఒకరు చూడకుండా, మాట్లాడుకుంటున్నారు.

చేతికందిన మూడు సీసాలు వంటింట్లోకి తెచ్చి, బోల్టులు వేర్వేరు పళ్ళాల్లో పోశాను. గ్వెన్ కెటిల్ పెట్టింది.  వేణ్ణీళ్ళలో పై చీటీలు మెత్తబడి, అంచులు లేచి, మెల్లగా జారాయి.

కింద మొదటిదానిపై, 'ప్లమ్ జామ్. 20 ఫిబ్రవరి 1988.' అదే ఊదారంగు సిరా. రెండోది, 'ఆప్రికాట్. 23 జనవరి 1988.' మూడోదానిపై అదే తేదీ, పక్కన వెలిసిన నీలం బిళ్ళ: 'ఊరి షో, మొదటి బహుమతి.'

ఆ షో అంటే ఏటా జరిగే పంటల, వంటల పోటీ; దానికి పెట్టే సీసా మీద రకమూ, చేసిన తేదీ రాసి తీరాలి. రాయకపోతే పోటీలోకే తీసుకోరు. ఆ నియమం పుణ్యమా అని ఆ తేదీలు అక్కడున్నాయి.

యాభై ఏళ్ళుగా ఆ షోలో జామ్‌ల బల్ల చూసుకునే డోరీన్ హిగ్స్‌కి ఫోన్ చేశాను.

"ఎనభైయెనిమిదిలో ఆప్రికాట్ మొదటి బహుమతి ఎవరిదో గుర్తుందా డోరీన్?"

"గుర్తుందా అంటావేమే! నాకు రెండోది వచ్చింది. గింజ పగలగొట్టి లోపలి పప్పు వేసేది మహాతల్లి, ఆ వాసనకే పడిపోయారు జడ్జీలు. ఆరేళ్ళు వరసగా కొట్టుకుపోయింది. చేతిరాత కూడా అచ్చు వేసినట్టుండేది."

"ఎవరు?"

"జ్యూన్. జ్యూన్ ఓగిల్వీ. మీ క్లైవ్ వాళ్ళమ్మ."

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగాను. ఓగిల్వీ వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపట్నుంచో తెలీదు. అతని చూపు సింకులో ఉన్న సీసాల మీద ఉంది.

"అమ్మ చేతిరాత," అన్నాడు. టోపీ తీశాడు. "మే నెలలో హోబర్ట్ వాళ్ళు తనిఖీకి వస్తారని తెలిసింది. రెండు రాత్రులు కూర్చుని విప్పి, పాత తేదీలతో చీటీలు అంటించాం. సీసాలు చాల్లేదు. మా అమ్మ షెడ్డులోంచి రెండు పెట్టెల ఖాళీ సీసాలు తెచ్చాను."

"నవంబరులో మీరు చీటీ రాసినప్పుడు?"

"కారు కారులాగే ఉంది. అప్పటికి పుట్టీ పెట్టి రంగేశాం."

"సార్జంట్, ఇకమీద మీరన్నది నేను రాసుకోవాలి."

"రాసుకో." గుమ్మం పట్టుకున్నాడు. "లిండ్సే పక్క సీట్లో ఉన్నాడు. ఒక్కసారి ఇవ్వరా అని నేనే బతిమాలాను. టాప్ దించి, ఆ సాయంత్రం... ఇప్పటికీ వాడు ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు. పదమూడు రోజుల తర్వాత ఆకుపచ్చ కార్లన్నీ తనిఖీ చేసే పని నాకే ఇచ్చారు."

గ్వెన్ కెటిల్ కింద పెట్టింది.

"మడ్‌గార్డు నా కారులో ఉంది," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "టెస్సా, అవి తడిసిన కాగితాలు. ఇంకో పది నిమిషాలు నీళ్ళలో ఉంటే సిరా ఉండదు. మడ్‌గార్డు తెచ్చి పెడతాను, నా చేతులతో నేనే బిగిస్తాను. గ్వెన్ కారు గ్వెన్‌కి ఉంటుంది." ఆవిడ వైపు తిరిగాడు. "రే కోరిక తీరుతుంది. సముద్రం దాకా వెళ్ళాలని లేదా గ్వెన్? నువ్వు చెప్పు. నువ్వు చెప్తే ఈ పిల్ల వింటుంది."

నేను సింకులోంచి సీసాలూ చీటీలూ తీసేసి గుడ్డ మీద పరిచాను. అయినా అతను నన్ను చూడటం లేదు. ఆవిణ్ణే చూస్తున్నాడు.

గ్వెన్ కిటికీ దగ్గరికి వెళ్ళింది. అక్కణ్ణుంచి షెడ్డు తలుపూ, సగం మొహం కారూ కనిపిస్తాయి.  గాజు మీద ఊపిరి తగిలి మసక కమ్మింది, చేత్తో తుడిచి మళ్ళీ చూసింది.

తర్వాత సీసాలోంచి డాఫ్నీ కొమ్మలు తీసి బల్లమీద పడేసింది. నీళ్ళు పారబోసింది. చీటీకి తడి తగలకుండా, రే పని దుస్తుల అంచుతో సీసా చుట్టూ తుడిచింది. నా ముందు పెట్టింది.

"ఇదీ రాసుకో," అంది. "ఎడమ మడ్‌గార్డు బోల్టులు ఉన్నది ఇందులోనే."

నేను ఏదో అనబోయాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ అమ్మాయి తల్లికి ఎనభైయ్యారేళ్ళన్నావు కదా బంగారం. నవంబరు దాకా ఆగకు. ఇవాళే వెళ్ళు."